మడమ వెనక తాడు

ఈ పుట చదవటం ఒక్క నిమిషం ఆపి, మీ కుడికాలి మడమ వెనక భాగాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూడండి. మడమ ఎముకనుంచి పైన పిక్కదాకా పోయే గట్టి తాడు ఒకటి చేతికి తగులుతుంది. పాదం పైకి ఎత్తితే అది బిగుసుకుంటుంది, కిందికి వంచితే వదులవుతుంది.

మన ఇళ్ళలో దీన్ని నరం అంటారు. నేను చిన్నతనంలో కుంటుకుంటూ ఇంటికి వస్తే మా అమ్మ, "నరం బెణికినట్టుందిరా," అని ఆముదం వెచ్చచేసి రాసేది. కాని ఇది నరం కాదు. నరాలు మెదడుకు వార్తలు మోసేవి. ఈ తాడు వార్తలు మోయదు, బరువు లాగుతుంది. కండను తీసుకుపోయి ఎముకకు కట్టేది ఇదే. మీ సైన్సు పుస్తకంలో దీనికి స్నాయుబంధనం అని పెద్ద పేరున్నది. ఇంగ్లీషులో టెండన్ అంటారు. నేను మాత్రం తాడు అనే అంటాను.

ఈ తాడును గురించి నేనింత శ్రద్ధగా రాయటానికి కారణం, పోయిన వేసవిలో మా ఇంట్లో జరిగిన ఒక చర్చ. సెలవులకు మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు బుజ్జి హైదరాబాదునుంచి వచ్చారు. బుజ్జికి పన్నెండేళ్ళు. సన్నగా ఉంటుంది, కాళ్ళు మరీ పొడుగు. బడిలో ఏడాదిగా ఎత్తు దూకటం నేర్చుకుంటున్నది. ఒకనాడు భోజనాలయినాక అల్లుడు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. పిల్ల బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపిస్తే, జన్యువులు పరీక్షించి, ఆ పిల్ల ఏ ఆటకు పనికివస్తుందో, దేనికి పనికిరాదో చెబుతారట.

"వంట్లో లేని ఆటమీద నాలుగేళ్ళు కష్టపడి, ఆ తరవాత తెలుసుకునేకన్నా, ముందే తెలిస్తే మంచిది కదా, మామయ్యగారూ!" అన్నాడు.

అతను బిడ్డ మేలు కోరే అన్నాడు. కాని బుజ్జి జడ కొస వేలికి చుట్టుకుంటూ, "పనికిరానని వస్తే నేను దూకటం మానెయ్యాలా, తాతయ్యా?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే, దాదాపు దాని వయసులోనే నాకూ ఆ ప్రశ్న వచ్చింది. నేను పైకి అడగకుండా మింగేశాను.

1973లో నాకు పదమూడేళ్ళు. పోటీలకు పంపటానికి పరుగు పందెగాళ్ళను ఎంచే పద్ధతి మా హైస్కూల్లో చాలా సులువుగా ఉండేది. డ్రిల్లు మాస్టారు మమ్మల్నందరినీ ఎండలో వరసగా నిలబెట్టి, మా వెనకగా నడుస్తూ పిక్కలు చూసేవారు. లావు పిక్కలవాళ్ళు ఒకవైపు, బక్కవాళ్ళు ఒకవైపు. నా వెనక ఆగి, "ఇవి కొంగకాళ్ళు! నువ్వు లెక్కలు రాయరా," అని నా చేతికి నోటుపుస్తకం ఇచ్చారు. నేను రోజూ కాలవగట్టు వెంట రెండు మైళ్ళు పరుగెత్తి బడికి వచ్చేవాణ్ణని ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఆయన చెడ్డవారు కారు. ఆ రోజుల్లో అందరూ అనుకున్నదే ఆయనా అనుకున్నారు: పరుగంటే కండ, కండంటే పిక్క. నేను రెండేళ్ళపాటు ఇతరుల పందేల లెక్కలు రాశాను. తరవాత పరుగెత్తటమే మానేశాను.

మళ్ళీ పరుగెత్తింది 2003లో. మా అమ్మాయి బడిలో వార్షికోత్సవం నాడు తండ్రులకు పరుగు పందెం పెట్టారు. నలభై మూడేళ్ళవాణ్ణి, చెప్పులు విడిచి, లాగు కాళ్ళు పైకి మడిచి గీత మీద నిలబడ్డాను. పిల్లలు ఈలలు వేస్తున్నారు. నాలుగో అడుగులోనో, ఐదో అడుగులోనో మడమ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. టప్పుమని చప్పుడు కూడా వినిపించింది. నేను మండిపడి వెనక్కు తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు!

డాక్టరు నన్ను బోర్లా పడుకోబెట్టి, ముందు బాగున్న కాలి పిక్క పిసికాడు. పాదం దానంతట అదే కదిలింది. రెండో పిక్క పిసికితే పాదం చచ్చినట్టు పడి ఉన్నది. "దెబ్బ తగలగానే వెనక్కు తిరిగి చూశారు కదూ?" అని ఆయన నవ్వాడు. ఈ తాడు తెగినవాళ్ళు చాలామంది ఎవరో తన్నారనుకుని వెనక్కు చూస్తారట. ముప్పైకీ యాభైకీ మధ్య వయసులో, ఏళ్ళ తరబడి కదలక కూర్చుని ఒక్కనాడు ఎగిరి దూకేవాళ్ళకే ఇది ఎక్కువగా తెగుతుందట. తాడు కుట్టారు, కట్టు కట్టారు. మామూలుగా నడవటానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. కండకు నెత్తురు బాగా అందుతుంది గనక ఎర్రగా ఉంటుంది, త్వరగా మానుతుంది. తాడుకు నెత్తురు చాలా తక్కువ. అందుకే తెల్లగా ఉంటుంది, మానటం కూడా బహు నిదానం. మంచం మీద ఉన్న ఆ నెలల్లో నాకు ఈ తాడును గురించి చదవటం అలవాటయింది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

మడమ తాడుకు ఇంగ్లీషులో అకిలిస్ అనే గ్రీకు వీరుడి పేరున్నది. అతని తల్లి అతన్ని పసితనంలో మడమ పట్టుకుని ఒక మహిమగల నదిలో ముంచిందట. వళ్ళంతా ఆయుధాలకు లొంగనిదై, నీరు తగలని మడమ ఒక్కటే మెత్తగా మిగిలిపోయింది. దుర్యోధనుడికి తొడలు ఎలాగో అతనికి మడమ అలాగన్నమాట. ఐతే ఈ కథ తాడుకు అన్యాయం చేసింది. మన శరీరంలో ఉన్న తాళ్ళన్నిటిలోకీ లావైనదీ, బలమైనదీ ఇదే. ఫిన్లండులో పావో కోమి అనే శాస్త్రజ్ఞుడు, ఇష్టపడి ముందుకు వచ్చినవాళ్ళ మడమ తాడుకు చిన్న పరికరం అమర్చి కొలిచాడు. జోరుగా పరుగెత్తేటప్పుడు తాడు మీద పడే లాగుడు మనిషి బరువుకు పన్నెండు రెట్లు దాటింది.

తాడు కండను ఎముకకు కట్టేదే ఐతే, ఇంత కథ ఎందుకని మీకు సందేహం రావచ్చు. తాడు చేసే మొదటి పని చూడాలంటే, ఇంట్లో కోడిని వండేనాడు కాలు అడిగి తీసుకోండి. తెగిన చోట తెల్లగా కనిపించే పోగు పట్టుకు లాగితే గోళ్ళు ముడుచుకుంటాయి. కోడి చచ్చిపోయినా కాలు పనిచేస్తుంది! లాగేది కండైనా, మీ వేళ్ళైనా తాడుకు ఒకటే. రెండో పని చూడటానికి కోడి అవసరం లేదు, మీ కాళ్ళు చాలు. గోడ పక్కన నిలబడి, మోకాళ్ళు వంచి, అలాగే మూడు లెక్కపెట్టేదాకా ఆగి, పైకి ఎగిరి గోడమీద సుద్దతో గీత గీయండి. ఈసారి ఆగకుండా, వంగీ వంగగానే ఎగిరి గీయండి. రెండో గీత పైన ఉంటుంది. కాళ్ళు అవే, కండలు అవే. ఆగకుండా ఎగిరినప్పుడు కండలు ముందే బిగిసి సిద్ధంగా ఉండటం ఒక కారణం. తాడు సాగి, సాగిన తాడు తిరిగి ముడుచుకుంటూ వంటిని పైకి తోయటం ఇంకొక కారణం. ఇది వింటినారి పని. మధ్యలో ఆగితే ఆ బలం కొంత వృథాగా పోతుంది.

ఈ వింటినారిని అందరికన్నా బాగా వాడుకునేది కంగారూ. అమెరికాలో డాసన్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంగారూలను కదిలే పట్టా మీద గెంతించి, అవి పీల్చే ప్రాణవాయువును కొలిచారు. ఏ జంతువైనా జోరు హెచ్చించినకొద్దీ ఎక్కువ గాలి పీల్చాలి కదా. కంగారూ జోరు పెంచినా దానికి పట్టే ప్రాణవాయువు పెరగలేదు! అదనపు జోరుకు కావలసిన బలాన్ని కాళ్ళ తాళ్ళు గెంతు గెంతుకూ దాచిపెట్టి తిరిగి ఇస్తున్నవి. వాళ్ళీ సంగతి ప్రకటించింది 1973లో. నేను కొంగకాళ్ళతో నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్న ఏడన్నమాట.

మనుషుల సంగతి 1987లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మెక్‌నీల్ అలెగ్జాండరు, ఆయన తోటివాళ్ళు లెక్క కట్టారు. మనిషి పరుగెత్తుతూ ఒక్కొక్క అడుగు వేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో నూటికి 35 పాళ్ళు మడమ తాడులోనూ, 17 పాళ్ళు పాదం కిందనుండే వంపులోనూ దాగి తిరిగి వస్తున్నది. తాడు తాను పుచ్చుకున్న శక్తిలో నూటికి 93 పాళ్ళు తిరిగి ఇచ్చేస్తుంది. ఇంత నమ్మకంగా బాకీ తీర్చేవాళ్ళు మనుషుల్లో కూడా అరుదు.

ఇక పిక్కల మాట. కెన్యా దేశపు దూరపు పరుగువీరుల కాళ్ళను జపాను, ఫిన్లండు శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే, వాళ్ళ పిక్క కండ పొట్టిగా, పైకి ఉన్నది; తాడు పొడుగ్గా ఉన్నది. కాలి కొసన బరువు ఎంత తక్కువైతే కాలు ఊపటం అంత తేలిక. ఇది చదివిననాడు నేను లేచి అద్దం ముందు నిలబడి, నా కొంగకాళ్ళు వెనకనుంచి చూసుకున్నాను. నేను గొప్ప పరుగువాణ్ణి అయి ఉండేవాణ్ణని చెప్పటం లేదు. అది ఎవరికీ తెలియదు. కాని పిక్కలు చూసి చెప్పగలిగిన సంగతి మాత్రం కాదు.

అల్లుడికి నేను మొదట చెప్పినది 2007లో జపానులోని ఒసాకా నగరంలో జరిగిన ప్రపంచ పోటీల కథ. ఎత్తు దూకే పందెంలో ఆ సాయంత్రం ఇద్దరు మనుషులున్నారు. ఒకడు స్వీడనుకు చెందిన స్టెఫాన్ హోమ్. పొడుగు 181 సెంటీమీటర్లే. ఎత్తు దూకేవాళ్ళలో పొట్టివాడికిందే లెక్క. చిన్ననాటినుంచీ తండ్రి నేర్పగా ఇరవై ఏళ్ళు అదే పని చేశాడు. 2004లో ఏథెన్సు ఒలింపిక్ బంగారు పతకం గెలిచాడు. 2005లో, తన తలకు 59 సెంటీమీటర్లు పైన ఉన్న కర్రను దాటాడు. రెండోవాడు బహామా దీవులవాడు, డోనాల్డ్ థామస్. అమెరికాలో చదువుకుంటూ బాస్కెట్‌బాల్ ఆడేవాడు. 2006 జనవరిలో ఒక స్నేహితుడు, "బంతి వేసేటప్పుడు బాగానే ఎగురుతావు గాని, ఎత్తు దూకటం నీవల్ల కాదు," అని పందెం కాశాడు. డోనాల్డ్ ఆ ఆట బూట్లతోనే వెళ్ళి ఏడడుగుల కర్రను దాటేశాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఒసాకాలో 2 మీటర్ల 35 సెంటీమీటర్లు దూకి ప్రపంచ విజేత అయినాడు. హోమ్ నాలుగోవాడుగా మిగిలాడు.

"చూశారా! వంట్లో ఉండాలన్నమాట," అన్నాడు అల్లుడు.

"ఆగు బాబూ, ఇంకా ఉన్నది," అన్నాను.

ఈ ఇద్దరి గురించీ పరిశోధించారు. డోనాల్డ్ మడమ తాడు అతని పొడుగుకు మించి పొడుగైనది. హోమ్ తాడు అటువంటిది కాదు. కాని అది ఎంత బిగువైనదంటే, ఒక్క సెంటీమీటరు సాగదీయటానికి 1.8 టన్నుల బలం కావాలన్నారు. సాధన చేత తాడు పొడుగు పెరగదు. అది చాలావరకు పుట్టుకతో వచ్చినంతే. బిగువు మాత్రం సాధన చేత పెరుగుతుంది. గట్టి తాడు బలాన్ని దాచుకుని చప్పున తిరిగి ఇస్తుంది. ఒకడికి దేవుడిచ్చిన పొడుగు, ఒకడు ఇరవై ఏళ్ళలో సంపాదించిన బిగువు, రెండూ కలిసి ఒకే కర్రదగ్గరికి వచ్చాయి. ఇద్దరి మధ్యా తేడా రెండు సెంటీమీటర్లు! ఆ ముందు సంవత్సరం జనవరిదాకా డోనాల్డును ఎవరైనా పరీక్షించి ఉంటే ఏమని రాసి ఇచ్చేవారో నాకు తెలియదు గాని, హోమ్‌ను పన్నెండో ఏట పరీక్షించి ఉంటే ఆ బిగువు కనిపించేది కాదు. అప్పటికది పుట్టనే లేదు.

"పుట్టుకతో వచ్చేదేదో, అది ఎక్కడ రాసి ఉంటుంది తాతయ్యా?" అని బుజ్జి అడిగింది.

దాని జడే చూపించాను. తాడు కొల్లాజెన్ అనే పదార్థంతో తయారైన పీచు. ఆ పీచులో అతి సన్నని పోగు ఎలా ఉంటుందో 1950 ప్రాంతాల్లో ఎవరికీ సరిగా తెలియదు. 1952లో బెర్నాల్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు ఈ చిక్కుముడి సంగతి చెప్పాడు. అది విన్నవాడు జి.ఎన్. రామచంద్రన్. ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్ళు. పక్కనే తోళ్ళ పరిశోధనాలయం ఉన్నది. తోలు కూడా కొల్లాజెనే గనక కావలసిన పదార్థం దొరికింది. గోపీనాథ్ కర్తా అనే సహచరుడితో కలిసి, 1954లో ఆయన చిక్కు విప్పాడు. కొల్లాజెన్ ముప్పేట తాడు! మూడు పాయలు ఒకదాన్నొకటి చుట్టుకుని జడలాగా అల్లుకుని ఉంటాయి. ఒక్కొక్క పాయ పూసల దండవంటిది. ప్రతి మూడో పూసా గ్లైసిన్ అనే అన్నిటికన్నా చిన్న పూసే కావాలి. ఎందుకంటే జడ మధ్యలో అంతకంటే పెద్దదానికి చోటు లేదు. ఆ పూసలు ఏ వరసలో గుచ్చాలో చెప్పే చీటీయే జన్యువు. సగం చీటీలు అమ్మనుంచీ, సగం నాన్ననుంచీ వస్తాయి.

చీటీలో ఒక్క అక్షరం తేడా ఉంటే తాడు మారుతుందా? దీనిమీద దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మాల్కమ్ కాలిన్స్, ఆయన శిష్యులు చాలా కృషి చేశారు. పీచు ఎంత లావుగా పేనుకోవాలో అదుపు చేసే కొల్లాజెన్ ఒకటున్నది. దాని చీటీలో ఒకచోట కొందరికి ఒక అక్షరం, కొందరికి మరొకటి ఉంటుంది. ఒక రకం అక్షరం రెండువైపులనుంచీ వచ్చినవాళ్ళకు మడమ తాడు జబ్బులు తక్కువగా ఉన్నాయని 2006లో వాళ్ళు చెప్పారు. అంటే రెండో రకం చెడ్డదని కదా మనం అనుకుంటాం? 2011లో వాళ్ళే ఇంకొకటి గమనించారు. 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆపైన 42 కిలోమీటర్లు పరుగెత్తే భయంకరమైన పందెం ఒకటున్నది. అందులో పరుగు భాగాన్ని త్వరగా ముగించినవాళ్ళలో ఈ 'చెడ్డ' అక్షరం రెండువైపులా ఉన్నవాళ్ళే ఎక్కువ! బిగుతైన తాడు దెబ్బ తినటానికీ కారణం కావచ్చు, పరుగు పొదుపుగా సాగటానికీ కారణం కావచ్చు. ఇతర చోట్ల ఇతరులు చూసినప్పుడు ఈ సంబంధం కొన్నిసార్లు కనబడింది, కొన్నిసార్లు కనబడలేదు.

ఇలా జరగటం కొత్త కాదు. 1989లో హంగేరీ డాక్టర్లు బుడాపెస్టులో తాళ్ళు తెగిన 832 మంది నెత్తురు పరీక్షించి, వారిలో 'ఓ' గ్రూపువాళ్ళు ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉన్నారని ప్రకటించారు. నాది 'ఓ' గ్రూపే! నా తాడు తెగటానికి ఇదే కారణమని నేను చాలాకాలం బంధువులందరికీ చెప్పుకు తిరిగాను. తీరా ఫిన్లండులోనూ, స్కాట్లండులోనూ చూస్తే అటువంటి తేడా ఏమీ కనబడలేదు. నాకు కొంచెం చిన్నతనమనిపించింది. ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చున్న సంగతి వదిలేసి నెత్తురుమీద నేరం మోపటం ఎంతో హాయిగా ఉండేది మరి.

తల్లిదండ్రులు బిడ్డలకు ఏమిస్తారో పి.వి. సింధును చూస్తే తెలుస్తుంది. ఆమె తండ్రి రమణ, తల్లి విజయ, ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారతజట్టులో రమణ ఉన్నాడు. ఆ ఇంటినుంచి సింధుకు పొడుగు వచ్చింది. కాని బాడ్మింటన్ రాలేదు. అది ఆమె నేర్చుకున్నది. బాడ్మింటన్‌లో ఎప్పుడూ ఒకే కాలు ముందుకు చాచి, దానిమీదే బరువంతా ఆనించి వంగుతారు. 2008లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు బాడ్మింటన్ ఆడేవాళ్ళనూ, కత్తిసాము చేసేవాళ్ళనూ పరీక్షించి, ముందుకు చాచే కాలి మోకాటి తాడు రెండోకాలి తాడుకన్నా సుమారు ఐదో వంతు లావుగా ఉన్నదని కనుగొన్నారు. రెండు కాళ్ళకూ తల్లిదండ్రులు ఒకరే, చీటీలు ఒకటే. తేడా తెచ్చినది ఆట.

ఈ మాటకు అల్లుడు కాగితం మీదినుంచి తలెత్తాడు. నేను అసలు సంగతి అప్పుడు చెప్పాను. అది డెన్మార్కులోనే 2013లో తేలింది.

1955నుంచి 1963 దాకా పెద్ద దేశాలు ఆరుబయట అణుబాంబులు పేల్చి పరీక్షలు చేశాయి. దానివల్ల గాలిలో ఒక రకం కార్బన్, కార్బన్-14 అంటారు, దాదాపు రెట్టింపయింది. 1963లో అమెరికా, రష్యా, బ్రిటను ఆ పరీక్షలు మానాలని ఒప్పందం చేసుకున్నాక అది ఏటేటా తగ్గుతూ వచ్చింది. మొక్కలు గాలిలోనుంచి కార్బన్ తీసుకుంటాయి. మనం వాటిని తింటాం. కనక ఆ కార్బన్ ఎంతున్నదో కొలిస్తే, శరీరంలో ఏ భాగం ఏ సంవత్సరాల్లో తయారైనదో చెప్పవచ్చు. 1945కూ 1983కూ మధ్య పుట్టినవాళ్ళ మడమ తాళ్ళను ఇలా కొలిచారు. కండలో ఉన్నది ఈమధ్య కార్బనే; కండ ఎప్పటికప్పుడు కొత్తదవుతూ ఉంటుంది. తాడు నడిమి భాగంలో ఉన్నది మాత్రం వాళ్ళ బాల్యంలోని కార్బన్. పుట్టినప్పటినుంచి సుమారు పదిహేడో ఏటిదాకా తయారైన పీచే జన్మంతా ఉండిపోతుంది. తరవాత అది మారటం లేదనే చెప్పాలి.

నేను 1960లో పుట్టాను. అంటే నా మడమ తాడులో ఉన్నది 1977 దాకా మా అమ్మ పెట్టిన అన్నమూ, తోటకూరా. బాంబుల కార్బన్ అందులో ఇప్పటికీ ఉన్నది. నేను పరుగెత్తటం మానేసి లెక్కలు రాసిన ఏళ్ళు కూడా ఉన్నాయి. పెద్దవాళ్ళ తాడు కూడా మూడు నాలుగు నెలలు క్రమంగా బరువు పెడితే బిగువెక్కుతుంది. నా కుట్టిన తాడే అలా బాగుపడింది. కాని నడిమి పీచు అల్లే పని జరిగేది మాత్రం మీ వయసులోనే.

అల్లుడు బుజ్జి కాళ్ళవంక చూశాడు. అది బల్లమీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నది.

"అయితే బాగా దూకించాలన్నమాట. రోజుకు రెండు పూటలా," అన్నాడు.

ఇది కూడా ప్రమాదమే. పెరిగే పిల్లల్లో తాడుకన్నా అది మడమకు అతుక్కునే చోటు బలహీనం. అక్కడ ఎముక ఇంకా గట్టిపడకుండా మెత్తగా ఉంటుంది. ఎనిమిదినుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు ఆటలాడి వచ్చి మడమ నొప్పి అన్నారంటే చాలాసార్లు అదే కారణం. ఆముదం రాసి మర్నాడు మళ్ళీ దూకిస్తే తగ్గదు. కొన్నాళ్ళు దూకుళ్ళు, పరుగులు తగ్గించాలి. కండ ఆరు వారాల్లో బలపడితే, తాడుకు నెలలు పడుతుంది. దానికి తొందర లేదు, మనకే తొందర. బుజ్జికి వారానికి మూడు రోజులు దూకుళ్ళు, మిగిలిన రోజుల్లో తాడాట, ఈత, తొక్కుడుబిళ్ళ చాలునని మా ఊరి డాక్టరమ్మ కూడా అన్నది.

ఆ కాగితం సంగతికి వస్తే, 2015లో అనేక దేశాల నిపుణులు చేరి ఇటువంటి పరీక్షలన్నిటినీ పరిశీలించి, పిల్లలకు ఏ ఆట తగునో ఎంచటానికి ఇవి పనికిరావని, పిల్లలకు చేయించరాదని ప్రకటించారు. మనిషికి ఇరవై వేల జన్యువులున్నాయి. తాడు ఒక్కదానిలోనే ఎన్ని కలిసి పనిచేస్తాయో ఇంకా లెక్క తేలలేదు. నేను అల్లుడితో, "మా డ్రిల్లు మాస్టారు పిక్కలు చూశారు. వీళ్ళు బుగ్గ చూస్తామంటున్నారు. అంతే తేడా, బాబూ," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను కాబోలు, మా అమ్మాయి లోపలినుంచి తొంగి చూసింది.

అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీకు పిక్కల సంగతి ఇప్పటిదాకా ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాడు మా అమ్మాయితో.

"నాకూ ఇప్పుడే తెలిసింది," అన్నది మా అమ్మాయి.

కాగితం కొన్నాళ్ళు మా పంచాంగంలో ఉన్నది. దాని వెనక తెల్లగా ఉన్న వైపు బుజ్జి సుద్దగీతల లెక్కలు వేసుకున్నది: ఆగి ఎగిరితే ఇంత, ఆగకుండా ఎగిరితే ఇంత అని. మీరు కూడా వేసుకోండి. గోడ పాడుచేశారని ఎవరైనా కోప్పడితే నాది పూచీ కాదు.

సెలవులయినాక వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను వస్తుంది. దానికోసం నేనొక కొత్త నోటుపుస్తకం కొన్నాను. పోయిన వారం 1 మీటరు 21 సెంటీమీటర్లు. మూడోసారి కర్ర కదిలింది గాని పడలేదట. అది కూడా రాశాను.